పూలు కట్టి అడిగిన రోజు

మా తమ్ముడు వెంకటపతికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. నాది సరిపోతుందని డాక్టర్లు తేల్చారు. బుధవారం ఆపరేషన్. మద్రాసు పేరు ఇంకా చెన్నై కాని రోజులవి. ఇస్తానని నేను ఎప్పుడో చెప్పేశాను. ఒప్పుకోనిది అమ్మే.

"ఒక బిడ్డ కోసరం ఇంకో బిడ్డను కొయ్యమని నేనెట్ట చెప్పేది? ఆయమ్మనే అడగతా," అని కూర్చుంది.

ఆయమ్మంటే తొండియార్‌పేటలో మా వీధి చివరి గుళ్లో అమ్మవారు. అడగడమంటే పూలు కట్టి చూడటం. ఒక పొట్లంలో తెల్లపువ్వు, ఇంకోదాంట్లో ఎర్రపువ్వు చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, దణ్ణం పెట్టుకుని ఒకటి తియ్యాలి. తెల్లది వస్తే కానివ్వమని, ఎర్రది వస్తే వద్దని. నా పెళ్లికీ అమ్మ ఇలాగే అడిగింది. అలా వచ్చిన మొగుడితో ఆరేళ్లుగా వేగుతున్నాను కాబట్టి ఆ పువ్వుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

అందుకే పొట్లాలు నేనే కట్టాను. రెండింటిలోనూ తెల్లటి నందివర్ధనాలే పెట్టాను. తమ్ముడి ప్రాణాన్ని ఒక ఎర్ర గన్నేరుకి వదిలేసేంత పిచ్చిదాన్ని కాను.

మంగళవారం ఉదయం పూజారి పొట్లాలు పాదాల దగ్గర పెట్టి హారతి ఇచ్చాడు. అమ్మ కళ్లు మూసుకుంది. ఊరికే నిలబడితే బాగుండదని నేనూ మూసుకున్నాను. అప్పుడు పట్టుకుంది భయం. అందరి ముందూ అంత ధైర్యం ఒలకబోసినదాన్నే. రేపు మత్తు ఇస్తే మళ్లీ లేస్తానో లేదో. నా కూతురికి మూడేళ్లు. వెళ్లమంటావా, వద్దంటావా, చెప్పు తల్లీ అని నిజంగానే అడిగాను. అడిగాక గుర్తొచ్చింది, ఆవిడ నోరు నేనే కట్టేశానని.

అమ్మ పొట్లం విప్పింది. "సరే అనింది మే," అంటూ ఏడ్చింది.

బయటికొచ్చి గుడి మెట్ల మీద కూర్చున్నాక, నేను చేసిందంతా అమ్మకి చెప్పేశాను. రెండో పొట్లం కూడా విప్పి చూసింది. కొడుతుందనుకున్నాను.

"ఎర్రపువ్వు తెచ్చి మళ్లీ కట్టేదా?" అంది.

విప్పిన పొట్లాలు నేను చేతిలోకి తీసుకుంటుంటే మళ్లీ అడిగింది.

"ఎర్రది వస్తే ఇయ్యకుండా ఉంటావా?"

"లేదుమా. ఇస్తా."

"అట్టయితే పువ్వెందుకు మే? సరే అనేదానికి నాకు ధైర్యం లేక ఆయమ్మ మీదికి తోసినా. నీకేమో భయం. పో, ఆడ అదే చెప్పుకో."

మళ్లీ లోపలికి వెళ్లాను. ఈసారి ఏమీ అడగలేదు. భయంగా ఉందమ్మా, రేపు నా పక్కనే ఉండు అన్నాను. వెనకనుంచి అమ్మ వచ్చి, డాక్టర్లు కొయ్యబోయే చోట నా నడుము మీద చెయ్యి వేసి నిలబడింది.