వదిన చెప్పిన వాతావరణం

"మిక్సీ ఆపు, వాతావరణం చెప్పాలి" అన్నారు మా ఆయన.

గోంగూర సగమే నలిగింది, వెల్లుల్లి ఇంకా రెబ్బలు రెబ్బలుగానే ఉంది. ఆపాను. ఆయన హాల్లో కుర్చీలో సర్దుకు కూర్చుని, గొంతు సవరించుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఇక చెప్పమన్నట్టు నాకేసి చెయ్యి ఊపారు. నేను చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. "రేపు పొద్దున్న దక్షిణపు గాలి. మధ్యాహ్నానికి కాస్త ముదురుతుంది. తెల్లారేసరికి పోటు నిండుతుంది, ఎండెక్కేలోగా మొగ దాటి సముద్రంలోకి వెళ్లిపొమ్మనండి." ఆయన బటన్ నొక్కారు. "అన్నలకీ తమ్ముళ్లకీ నమస్కారం. నేను పిచ్చేశ్వరరావుని. నా అంచనా ప్రకారం రేపు పొద్దున్న దక్షిణపు గాలి..."

నా అంచనా ప్రకారం! ఆ ముక్క విన్నప్పుడల్లా మిక్సీ మళ్లీ వేసెయ్యాలనిపిస్తుంది నాకు.

ఇది మా ఇంట్లో రోజూ సాయంత్రం జరిగే తంతు. బందరు పక్కన గిలకలదిండి రేవులో మాకో బోటు ఉంది. నడుం పట్టేసిందని మా ఆయన బోటెక్కడం మానేసి చాలా ఏళ్లయింది. దాన్ని నడిపేది సరంగు గోపీనాథ్. మా ఆయన ఒడ్డున ఉండి చేపల బేరం చూసుకుంటారు. రేవులో బోట్ల వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. ప్రభుత్వం వాళ్ల హెచ్చరికలు ఫోన్లకి వస్తూనే ఉంటాయి గానీ, మా ఆయన గొంతు వినందే ఇక్కడెవరూ లంగరు ఎత్తరు. "అన్న చెప్పాడంటే సముద్రం కూడా వింటుంది రా" అంటారు. వినదా మరి! సముద్రానికి కూడా నేనే చెప్పి ఉంటాను.

నాకు ఇదేదో పుట్టుకతో వచ్చిన విద్య కాదు. అవనిగడ్డలో ఇంటర్ చదివాను, ఇంగ్లీషు చూస్తే భయం లేదు. ప్రభుత్వం వాళ్ల సముద్రం బులెటిన్ చదవమని మొదట ఆయనే ఫోను నా చేతికిచ్చారు, కళ్లజోడు దొరకలేదని. ఆ కళ్లజోడు ఇప్పటికీ దొరకలేదు. చదవగా చదవగా నాకే ఇష్టం పుట్టింది. గాలి ఎటు నుంచి, ఎంత వేగం, అల ఎంత ఎత్తు అని వాళ్లు రాసేదానికి క్యాలెండర్లో తిథి కలుపుతాను. మా పెరటి వెనక పాయలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి అదీ కలుపుతాను. పున్నమికీ అమావాస్యకీ పాయ బట్టలుతికే రాయి ఎక్కి కూర్చుంటుంది. అష్టమి నవములకి అడుగున బద్ధకంగా పడుకుంటుంది. అన్నీ కలిపి రేపటి సముద్రం ఇలా ఉంటుందని అనుకోవడం, మర్నాడు అది అలాగే ఉండటం, ఆ సంతోషం ఏంటో నేనెవరికీ చెప్పుకోలేదు. ఎవరడిగారు గనక! "పొద్దస్తమానం ఫోనే" అని అత్తగారు. "నీకేం పని, కూర్చుని ఫోను చూడ్డమేగా" అని ఆయన. బోటు మీదకి పచ్చళ్లు, పొడులు కట్టిచ్చేది, డాబా మీద ఎండుచేపలు తిరగెయ్యడానికి ఎండలో పదిసార్లు మెట్లెక్కి దిగేది, అత్తగారి కాళ్లకి నూనె రాసేది బహుశా వేరే ఎవరో అయ్యుంటారు.

పోయినేడు వినాయక చవితి పందిట్లో మా ఆయనకి శాలువా కప్పారు, రేవుకి చేసిన సేవకి. నేను పేపర్ కప్పుల్లో టీలు అందిస్తున్నాను. "సముద్రం ఆయనకి కరతలామలకం" అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు. ఆయన నాకేసి ఒక్కసారి చూసి, గబుక్కున తల తిప్పుకున్నారు. ఇంటికొచ్చాక శాలువా మడత పెట్టి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టమన్నారు. పెట్టాను. నాకు ఒళ్లు మండింది, అబద్ధమెందుకు.

మరి నోరెత్తలేదేం అంటారా? మా దగ్గర ఒక పట్టింపు ఉంది. సముద్రం మీదకి బయల్దేరినవాణ్ణి ఆడది వెనక్కి పిలవకూడదు. ఎక్కడికని అడగకూడదు. బోట్లు సముద్రంలోకి దిగే వేళకి రేవులో కనపడకూడదు. పెళ్లయిన కొత్తలో, ఆయన ఇంకా బోటెక్కే రోజుల్లో, క్యారేజీ మర్చిపోయారని గుమ్మంలోంచి "ఏవండీ" అని కేకేశాను. ఆయన వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ వెళ్లారు. అత్తగారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు మర్చిపోయినా పిలవలేదు. కడుపు మాడి రానీ అనుకునేదాన్ని. అలాంటి చోట, బోట్లు దిగే ముందు గ్రూపులో ఆడగొంతా? శివశివ! నన్నూ, మిగతా బోట్ల వాళ్ల ఆడవాళ్లనీ గ్రూపులో చేర్చింది వినడానికే.

మొన్న పున్నమి వెళ్లిన చవితి నాడు ఆయన గుడివాడ వెళ్లారు, పెదనాన్న గారి మనవడి పెళ్లికి. ఆ రోజు బోట్లు మధ్యాహ్నం దిగాలి. "బులెటిన్ చూసి ఫోన్ చెయ్యి, నేనక్కణ్ణుంచే పెడతా" అని వెళ్లారు. పనులు తెముల్చుకుని బులెటిన్ తెరిచాను. గాలి లేదు. వాన లేదు. కానీ మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దుటి దాకా ఒడ్డుకి పెద్ద అల వస్తుందని ఉంది. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను రేగుతుంది. దాని గాలి మనదాకా రాదు, దాని అల మాత్రం వస్తుంది. పైన ఆకాశం అద్దంలా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. అసలు చిక్కు మా మొగ దగ్గర, అంటే పాయ వెళ్లి సముద్రంలో కలిసే చోట. పోటు నిండి నీరు వెనక్కి తీసే వేళని పాటు అంటాం. ఆ పాటు మీదే మావాళ్లు బోట్లు దించుతారు, నీరే తోసుకుపోతుందని. నీరు ఇటు నుంచి బయటికి పరుగెత్తుతుంటే, అల అటు నుంచి లోపలికొచ్చి గుద్దుకుంటే, అక్కడ అల గోడలా లేస్తుంది. బోటు దాని మీదకెక్కితే తిరగబడటమే.

ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఇంతలో గ్రూపులో ఆయన వాయిస్ మెసేజి పడింది. "నా అంచనా ప్రకారం ఇవాళ గాలి నెమ్మది. సముద్రం చెరువులా ఉంది. మధ్యాహ్నం పాటు మీద నిశ్చింతగా దిగండి." పెళ్లిలో ఉన్న మనిషి వెనకాల సన్నాయి లేదు, డోలు లేదు. మా హాల్లో ఫ్యాను కిరకిర మాత్రం వినిపిస్తోంది. నాకు అర్థమైపోయింది. పాత మెసేజి! అమావాస్య వెళ్లిన చవితికి పెట్టినదాన్ని, పున్నమి వెళ్లిన చవితికి మళ్లీ తోసేశారు. చవితికీ చవితికీ నీటి వేళ ఒకటేగా, ఇక అంతా ఒకటే అనుకున్నారు. అంతమంది చుట్టాల మధ్య కూర్చుని పెళ్లాన్ని అడిగి చెప్పడం నామోషీ!

ఈసారి ఎత్తేదాకా చేశాను.

"ఏంటి నీ గోల? తలంబ్రాలు పోస్తున్నారిక్కడ."

"మీరు పెట్టింది పాతది. ఇవాళ పెద్ద అలుంది. దిగొద్దని చెప్పండి."

"నిన్న కూడా బాగానే ఉందిగా సముద్రం!"

"నిన్నటి సంగతి కాదండీ. మొగ దగ్గర తిరగబడతాయి."

"ఒకసారి చెప్పాక మారిస్తే నా మాటకి విలువేముంటుంది సులోచనా? ఇంటికొచ్చాక చూద్దాంలే." పెట్టేశారు.

ఆయనొచ్చేది సాయంత్రానికి. పాయలో అప్పుడే ఇంజన్లు మొదలయ్యాయి, డుగుడుగుమని పెరట్లోకి వినిపిస్తున్నాయి. గోపీనాథ్ ఉన్నాడు ఆ బోటులో. వాడి పెళ్లికి పసుపు దంచింది నేనే.

మా అత్తగారు పెద్దింట్లమ్మకి చెవుడు, కానీ మొహాలు బాగా చదువుతుంది. మంచం మీంచి లేచి కూర్చుంది. "ఏంటే, అలా నిలబడిపోయావ్?"

దగ్గరికెళ్లి గట్టిగా చెప్పాను. "బోట్లు దిగుతున్నాయి అత్తయ్యా. దిగకూడదు. మీ అబ్బాయి వినలేదు. నేనే చెప్తాను."

"వెనక్కి పిలుస్తావా?"

"పిలుస్తాను."

తిడుతుందనుకున్నాను. ఆవిడ కాసేపు నోట్లో పొగాకు అటూ ఇటూ తిప్పింది. "నేనూ ఓసారి పిలుద్దామనుకున్నానే, మబ్బు చూసి. పట్టింపని ఊరుకున్నా. మీ మావయ్య ఈదుకుంటూ వచ్చాడు గానీ, పడవ రాలేదు. పిలువు."

మైకు బొమ్మ మీద వేలు పెట్టాను. నమస్కారాలు గుర్తు రాలేదు. "నేను సులోచనని. ఆగండి. ఎవరూ దిగొద్దు. గాలి లేదని నమ్మకండి, బయట్నించి పెద్ద అల వస్తోంది. పాటు మీద వెళ్తే మొగలో నిలువునా లేస్తుంది. రేపు పొద్దుటిదాకా ఆగండి." సరిగ్గా అప్పుడే కుక్కరు కూత పెట్టింది, చెవులు చిల్లులు పడేలా. అదీ రికార్డయింది. మళ్లీ చెప్పే ఓపిక లేక అలాగే పంపేశాను.

అందరూ విన్నట్టు గుర్తులు పడుతున్నాయి. చివరికి గోపీనాథ్ గొంతు వచ్చింది, వెనకాల ఇంజను మోతతో. "వదినా, అన్నేమో దిగమంటాడు. నువ్వేమో ఆగమంటావు. ఎవరి మాట వినాలి మేము?"

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. మళ్లీ వేలు పెట్టాను.

"మీ అన్న ఇన్నాళ్లూ చెప్పిందంతా నేను చెప్పిందే గోపీ. ఇవాళ్టిది ఒక్కటే నేను చెప్పనిది."

పంపేశాక ఫోను బోర్లా పెట్టేశాను, చూసే ధైర్యం లేక. పెరట్లోకెళ్లి నిలబడ్డాను. కాసేపు ఏమీ మారలేదు. తర్వాత ఒక ఇంజను ఆగింది. ఇంకొకటి ఆగింది. ఆ పైన ఒకదాని వెనక ఒకటి. మలుపు దాకా వెళ్లిన బోటొకటి తిరిగి రేవుకి వస్తున్న చప్పుడు. అదీ ఆగింది. పాయ మీద కొంగల అరుపులు వినిపించాయి. నాకు నవ్వొచ్చేసింది, ఏడుపూ వచ్చేసింది. ఇంతమంది మగవాళ్లు నా ఒక్క మాటకి ఆగారా! మా ఇంట్లో ఫ్యాను కూడా ఆగదు నా మాటకి.

ఇక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. చెప్పులేసుకుని, జన్మలో మొదటిసారి, బోట్లు దిగే వేళకి రేవుకి నడిచాను. దారిలో ఇళ్లల్లోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి నాతో కలిశారు. వాళ్ల ఫోన్లలోనూ నా గొంతు మోగింది కదా. ఎవరూ మమ్మల్ని పొమ్మనలేదు. అందరం గట్టు మీద నిలబడి మొగ వైపు చూశాం. పైన చుక్క మబ్బు లేదు. చూస్తూ చూస్తూ ఉండగానే నీటి గీత మీద తెల్లగా ఏదో కదిలింది. పాటు తీసే కొద్దీ ఆ తెలుపు పైకి లేచి, విరిగి, మళ్లీ లేచింది. ఇంత దూరానికీ దాని హోరు వినిపించింది. సరంగులందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. గోపీనాథ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అమ్మ బాబోయ్! వదినా, ఇప్పుడు మేం సరిగ్గా అక్కడుండాలి."

"లేరుగా. ఇంకేం!" అన్నాను.

అంతలో వాడు తేరుకుని పళ్లికిలించాడు. "ఇంతకీ కుక్కర్లో ఏంటి వదినా?"

"పప్పు."

"మా అందరికీ సరిపోద్దా?"

"సరిపోదు. ఎవరింటికి వాళ్లు పోయి వండుకోండి. ఎలాగూ ఖాళీయేగా!"

ఆడవాళ్లం గట్టు మీద పడీ పడీ నవ్వాం. రేవు మొదలైనప్పటి నుంచీ అక్కడ అంత నవ్వు విని ఉండదు.

సాయంత్రం మా ఆయన లడ్డూల పొట్లంతో బస్సు దిగారు. బస్టాండు నుంచి ఇంటిదాకా ఎదురైనవాళ్లందరూ "మీ ఆవిడ నిలబెట్టింది అన్నా" అని చెప్పారట. ఇంట్లోకొచ్చి చొక్కా విప్పకుండానే కూర్చున్నారు.

"పెద్ద గండం తప్పింది" అన్నారు. లడ్డూల పొట్లం బల్ల మీద పెట్టి, "కానీ అందరి ముందూ అలా చెప్పాలా? ఇన్నాళ్లూ నేనేదో... నా పరువేం కావాలి?" అన్నారు.

"విడిగా చెప్దామని ఫోన్ చేశానుగా. తలంబ్రాలన్నారు."

ఆయన ఇంకేదో అనబోయారు. అత్తగారు మంచం మీంచి అందుకుంది. "దాని గొంతు నాక్కూడా వినపడిందిరా. నీది ఏనాడూ వినపడలేదు." ఆయన మొహం చూస్తే జాలేసింది. లడ్డూ ఒకటి తీసి సగం ఆయనకిచ్చాను, సగం నేను తిన్నాను. పెళ్లివాళ్లు యాలకులు బాగా వేశారు. ఆయన పొట్లంలో రాలిన పొడి కూడా ఏరుకు తిన్నారు. చెడ్డమనిషి కాదు. నా మాట తన నోటితో చెప్పీ చెప్పీ, అది తనదే అనుకున్నారు, అంతే. నేనూ అలాగే అనుకోనిచ్చాను. ఇక అనుకోనివ్వను.

మర్నాటికి అల తగ్గింది. పొద్దున్న మళ్లీ చూసి ఇక దిగొచ్చని నేనే పెట్టాను, బోట్లన్నీ క్షేమంగా మొగ దాటాయి. ఆ సాయంత్రం డాబా ఎక్కాను. గాలి చల్లగా తగులుతోంది. బులెటిన్ చదివాను, పాయ చూశాను, క్యాలెండర్ సంగతి తలచుకున్నాను, నాకు తోచింది నా మాటల్లో చెప్పి పంపేశాను. చివర్లో "నా అంచనా ప్రకారం" అని కూడా అన్నాను. నోటికి ఎంత రుచిగా ఉందో ఆ మాట!

కాసేపటికి ఫోన్ మోగింది. మా ఆయన, చేపల రేవు నుంచి. చుట్టూ జనం గోల.

"సులోచనా, రేపెలా ఉంటుందో చెప్పు త్వరగా. ఇక్కడందరూ నన్నడుగుతున్నారు."

"గ్రూపులో పెట్టానండీ. వాళ్లతో పాటు మీరూ వినండి."