మూరెడు తీగ

బ్యాంకు లెక్కలన్నీ మోసే పెద్ద కంప్యూటర్ మెయిన్‌ఫ్రేమ్‌ను ఆఫీసులో అందరూ ముసలమ్మ అంటారు. దూరపు శాఖల్లోని కంప్యూటర్ తెరలను అది మాటిమాటికీ "ఉన్నావా?" అని అడుగుతుంది. "ఉన్నా" అన్న జవాబు కాస్త ఆలస్యమైందా, ఆ తెరతో లంకె తెగ్గొట్టేస్తుంది.

పాత లైన్లు తీసేసి దాని మాటలన్నీ ఇంటర్నెట్ తరహా ఐపీ నెట్‌వర్క్ మీద పంపాలి. రెండు దారులున్నాయి. ప్రశ్నను ఐపీ ప్యాకెట్లో చుట్టి శాఖ దాకా పంపి జవాబు తెప్పించడం ఒకటి. ఇక్కడ సందేశాలకు దారి చూపే రౌటరే శాఖ తరఫున "ఉన్నా" అనేయడం రెండోది. ఏదో ఒకటి ఎంచాల్సింది పెద్ద ఇంజనీరు. అతనికి రెండోది గిట్టలేదు.

"ఒకరి బదులు ఇంకొకరు పలకడమేంటి? దొంగ హాజరు!"

"కాదు బావా," అన్నాడు అదే గదిలో పనిచేసే అతని భార్య తమ్ముడు. "అటు శాఖ తెర నిజంగా పోతే రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకుంటాయి, ఇక్కడిది పలకడం మానేస్తుంది. పోనీ, నీ పద్ధతినే అసలు లైను మీద పెట్టి చూడు."

పెద్ద ఇంజనీరు ఇక్కడి రౌటర్‌నూ శాఖకు వెళ్ళాల్సిన రౌటర్‌నూ ఒకే బల్ల మీద పెట్టి, మధ్య మూరెడు తీగ తగిలించాడు. ఒక్క తెరా పోలేదు. మూరెడు దూరంలో ఏ జవాబు ఆలస్యమవుతుంది? అది అతనికి తట్టలేదు. చెప్పబోయిన బావమరిదిని నలుగురిలో పట్టుకుని అన్నాడు: "మీ అక్క నీకు అన్నం పెట్టింది గానీ బుద్ధి పెట్టలేదురా."

ఆమె పోయి ఏడాది నిండలేదు. గదిలో ఎవరూ నవ్వలేదు.

సోమవారం అతని పద్ధతే అమలు చేశారు. కౌంటర్లు తెరవగానే లైను మీద రద్దీ పెరిగింది. జవాబులు నెమ్మదించాయి. ముసలమ్మ తెగ్గొట్టడం మొదలుపెట్టింది.

"సార్, తెర మళ్ళీ పోయింది," శాఖ గుమాస్తా ఫోను. "జనం పీక్కు తింటున్నారు. నేను బతికే ఉన్నానని ఆ మెయిన్‌ఫ్రేమ్‌కి ఎవరైనా చెప్పండి!"

మేనేజరు పరుగున వచ్చాడు. "సరిగ్గా పరీక్షించారా లేదా?"

బావమరిది తలెత్తకుండానే, "బాగానే చేశారు సార్. లైనుదే తప్పు," అన్నాడు.

దొంగ హాజరు. అదీ తన కోసం. పెద్ద ఇంజనీరు చెవులు మండిపోయాయి.

"లైనుది కాదు సార్," అన్నాడు చివరికి. "మూరెడు తీగ మీద చూసి సరేనన్నాను. వీడు ముందే చెప్పాడు."

మేనేజరు అతని వంక చూడలేదు. బావమరిదితో, "నీ పద్ధతి పెట్టు," అన్నాడు. మధ్యాహ్నానికి తెరలు నిలబడ్డాయి.

భోజనాల దగ్గర పెద్ద ఇంజనీరు బావమరిది ఎదుట కూర్చున్నాడు. "నన్నెందుకు వెనకేసుకొచ్చావురా?"

"నీ కోసం కాదు. నువ్వు తల దించుకుంటే అక్క చూడలేకపోయేది." డబ్బా మూత బిగించి లేచాడు. "తీగ సంగతి ఒప్పుకున్నావు. మరి అక్క పేరెత్తిన సంగతి?"



బావమరిది కాసేపు నిలబడ్డాడు. జవాబు రాలేదు. వెళ్ళిపోయాడు.