నాలుగో తరగతికి సింహం తోలు

ఆ యేడు బుద్ధ జయంతి వస్తున్నదని, పిల్లలకు బుద్ధుడి పూర్వజన్మల జంతు కథలు చెప్పి నీతి నేర్పవలసిందని పై నుంచి కాగితం వచ్చింది. అదే వారంలో ఇంకో కాగితం వచ్చింది. ఇరవై మంది పిల్లలు లేని తెలుగు సెక్షన్లను జూన్ నుంచి ఎత్తివేస్తారట. మా హెడ్మాస్టరు భాష్యం గారు రెండు కాగితాలనూ ఒకే గుండుసూదితో గుచ్చి నా చేతికిచ్చారు.

తిరువొత్తియూరులో రైలు కట్టకు అవతలి చిన్న బడిలో నాలుగో తరగతి తెలుగు సెక్షను నాది. హాజరు పట్టీలో పద్నాలుగు పేర్లు. సెక్షను పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నాగలాపురం దగ్గరి మా పల్లెలో, అన్న ఇంట్లో, మా వదిన నా కోసం ఒక మూలను, ఒక చీపురును సిద్ధంగా ఉంచింది.

"ఏందమ్మా, అట్ల చూస్తుండావు? ఆరుగురే కదా తక్కువ," అన్నారు భాష్యం గారు. "అరవ సెక్షన్లో నలభై రెండు మంది ఉండారు. ఆడ ఆరుగురు పోతే ఎవరికి తెలుస్తుంది? ఇన్స్పెక్టరు వచ్చే రోజు ఈడ కూర్చోబెడితే సరి."

"వాళ్ళు తెలుగు పిల్లలు కారు కదా సార్."

"నోరు తెరిస్తే కదా ఏ పిల్లలో తెలిసేది! ఎవురూ నోరు తెరవకూడదని చెప్పు. నువ్వూ మాట్లాడే మనిషివి కావు గదా, నిన్ను చూసి నేర్చుకుంటారు. ఆ ఆరు పేర్లూ నువ్వే రాయి. నీ అక్షరం గుండ్రంగా ఉంటుంది."

గుండ్రంగా రాశాను.

ఇన్స్పెక్టరు ముందు చెప్పవలసిన కథను కూడా ఆయనే ఎంచారు. సింహం తోలు కప్పుకున్న గాడిద కథ. ఎందుకంటే అది ఒక్క పుటలో అయిపోతుంది. కథ చదివి ఎంచారని ఎవరూ అపార్థం చేసుకోకూడదు.

ఇన్స్పెక్టరు వెంకటకృష్ణ గారిది రాజమండ్రి. ముప్పై ఏళ్ళ సర్వీసు. వచ్చి కుర్చీలో కూర్చుని, ఇరవై తలలూ లెక్కపెట్టి, కండువాతో మొహం తుడుచుకున్నారు. నేను కథ చెప్పాను. ఒక వర్తకుడు ఊరూరా తిరుగుతూ, తాను అన్నం వండుకునే వేళకు గాడిద మీది మూటలు దించి, దానికి సింహం తోలు కప్పి ఎవరి చేలోకో తోలేవాడు. కాపలావాళ్ళు భయపడి దగ్గరికి వచ్చేవారు కారు. ఒకనాడు ఊరంతా డప్పులు కొడుతూ, శంఖాలు ఊదుతూ చేను చుట్టుముట్టింది. గాడిద బెదిరి ఓండ్రపెట్టింది. దాన్ని చావగొట్టారు. వర్తకుడు వచ్చి చూసి, తన దారిన తాను పోయాడు. పుస్తకంలో కథ కింద ఒక పెట్టె కట్టి, అందులో లావు అక్షరాలతో నీతి అచ్చువేశారు: తనది కాని వేషము వేసికొనరాదు.

అరువు పిల్లలు ఆరుగురూ చివరి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. భాష్యం గారు తలుపు దగ్గర నిలబడి చిరునవ్వు నవ్వుతున్నారు.

ఇన్స్పెక్టరు ముందు బెంచీలోని మృణాళినిని లేపారు. "ఏమ్మా, ఈ కథలో నీతి ఏవిటి?"

మృణాళిని వాళ్ళు పట్నం వచ్చి నాలుగు తరాలయింది. తెలుగు నశించిపోతున్నదని వాళ్ళ తాతగారు నెలకొక సభ పెడతారు. సభ నుంచి ఇంటికి వచ్చాక అరవంలో మంచినీళ్ళడుగుతారు.

"వాయ్ మూడిట్టు ఇరుక్కణుం సార్," అన్నది మృణాళిని. నోరు మూసుకుని ఉండాలి అని. కథకూ సరిపోయింది, హెడ్మాస్టరు గారి ఆజ్ఞకూ సరిపోయింది. నేనైతే పూర్తి మార్కులు వేసేదాన్ని.

ఇన్స్పెక్టరు కళ్ళు చిన్నవయ్యాయి. పక్కన ఉన్న కుముదినిని అడిగారు. అరవం. దాని పక్కన వరదలక్ష్మిని అడిగారు. అదీ అరవమే. ముగ్గురూ అసలైన తెలుగు పిల్లలు.

అంతలో చివరి బెంచీలో ఒక చెయ్యి లేచింది. చిన్నపొన్ను. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ లైనిళ్ళలో ఉంటుంది. చుట్టూ తెలుగు ఇళ్ళు. కొళాయి దగ్గర తగాదాల్లో నేర్చిన తెలుగు.

"ఆ తోలు గాడిద కప్పుకోలేదు కదా సార్, షావుకారు కప్పినాడు. దానికి ఆకలి, మేసింది. తన్నులు దానికి పడినాయి, ఆయన మూట సర్దుకొని పోయినాడు. ఈ నీతి షావుకారుకు చెప్పాల సార్. గాడిదకు చెప్పి ఏం లాభం?"

భాష్యం గారికి దగ్గు వచ్చింది.

"ఆహా!" అన్నారు ఇన్స్పెక్టరు. "ఏం తెలుగండీ! యాస మాటెలా ఉన్నా, ఇదీ తెలుగు బిడ్డంటే!" ఆ పిల్ల ఏ భాషలో చెప్పిందో ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. ఏం చెప్పిందో వినే తీరిక లేకపోయింది.

ఆఫీసు గదిలో ఆయన కలం తీశారు. "భాష్యం గారూ, నన్ను మోసం చెయ్యలేరండీ. ముందు బెంచీలో ముగ్గురు అరవ పిల్లల్ని పెట్టారు."

"అయ్యయ్యో, వాళ్ళు తెలుగోళ్ళే సార్! ఒట్టు!" భాష్యం గారు ఉద్యోగంలో చేరాక నిజం చెప్పడం అదే మొదటిసారి కావచ్చు. అలవాటు లేక అది అబద్ధంలా వినిపించింది. ఇన్స్పెక్టరు నవ్వారు. ఆ నవ్వు చూడగానే భాష్యం గారు నిజాన్ని వదిలేసి నా వైపు తిరిగారు. "ఏమ్మా, నాకు తెలీకుండా ఎంత పని చేసినావు! పట్టీలో దస్తూరీ కూడా నీదే."

అప్పుడు నేను నోరు తెరిచాను. "అరువు పిల్లలు ఆ ముగ్గురు కారు సార్. చివరి బెంచీ ఆరుగురు. హెడ్మాస్టరు గారు పిలిపించారు, నేను పేర్లు రాశాను."

"ఆ నీతి చెప్పిన పిల్ల అరవ పిల్లా? నా ముప్పై ఏళ్ళ సర్వీసులో..." ఇన్స్పెక్టరు చిన్నపొన్నును పిలిపించారు. "మీ ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా?"

"అరవమే సార్. మా యమ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు."

"చూశారాండీ, ఎంత చక్కగా తెలుగులో చెప్పిందో!" అంటూ ఆయన రిపోర్టు రాసేశారు. "ఆ మూడు పేర్లూ పొరపాటున చేరాయని రాశాను. ఈ టీచరమ్మ చేత కొట్టించి, పట్టీ రేపు మా ఆఫీసుకు పంపండి. జూన్ లోపల ఇంకో ముగ్గుర్ని చేర్చుకోండి. సెక్షను ఉంటుంది."

ఆయన రైలుకు వెళ్ళాక భాష్యం గారు పట్టీ తెరిచి కలం నా చేతికిచ్చారు. "గండం గడిచింది. కొట్టెయ్యమ్మా. అరవ సెక్షన్లో ఇంకో ముగ్గుర్ని చూస్తా, బాగా తెలుగు మాట్లాడేవాళ్ళని."

చిన్నపొన్ను పేరు దగ్గర మొదలుపెట్టి ఆరు పేర్లు కొట్టేశాను. మృణాళిని, కుముదిని, వరదలక్ష్మి ఉన్నచోటే ఉన్నారు. కింద మొత్తం పద్నాలుగు అని వేసి సంతకం పెట్టాను.

"ఏం చేసినావు తల్లీ! నీ ఉద్యోగం కోసరమే గదా ఇంత పాటు పడింది!"

"ఇంకుతో కొట్టేశాను సార్. చెరిగిపోదు."

"ఇంత నీతి ఉన్నదానివి, రాసేనాడు ఏమైంది?"

"రాసేనాడు లేదు సార్."

ఆయన తల పట్టుకున్నారు. "నీతి వద్దన్నానా నేను? దానికోసరం పుస్తకంలో పెట్టె కట్టినారు. ఆడ ఉంటే చాలదా?"

జూన్‌లో నేను ఎక్కడుంటానో ఇద్దరికీ తెలుసు.

బయట వసారాలో చిన్నపొన్ను పలక చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. మిగిలిన ఐదుగురూ ఎప్పుడో అరవ సెక్షనుకు పరుగెత్తారు.

"నా పేరు కొట్టేసినారా టీచర్?"

"కొట్టేశాను."

పలకను రెండో చంకకు మార్చుకుంది. "రేపు ఏం కథ?"

"కోతుల కథ."

"మా క్లాసులో అప్పుడు కుట్టుపని. నేను వచ్చి వాకిట్లో కూర్చోనా? లెక్కలోకి రాను కదా."

రమ్మన్నాను. లెక్కలోకి రాని పిల్లలకు కథ చెప్పకూడదని కాగితమేదీ అప్పటికి రాలేదు.