సినిమా హాలుకు పిలుపు

ఆ ఇంటికి సినిమా హాలు అని పేరు పెట్టింది కర్టెన్లక్కే. ఎవరినో బాధపెట్టాలని కాదు. డాక్టరుగారి భార్యను కాస్త నవ్విద్దామని అంతే.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో పెద్ద ఇళ్ళన్నిటికీ కిటికీ తెరలు కుట్టేది కర్టెన్లక్కే. అసలు పేరేమిటో ఆవిడ అత్తగారికి కూడా ఒక్క క్షణం ఆలోచిస్తే గానీ గుర్తుకు రాదు. స్టూలెక్కి, మెడలో టేపు వేసుకుని, పెదాల మధ్య నాలుగు పిన్నులు పెట్టుకుని కొలతలు తీసేది. పిన్నులున్నా మాట ఆగేది కాదు. కిటికీ కొలతలో పావు అంగుళం తేడా రానిచ్చేది కాదు గానీ, ఒక ఇంటి కబురు ఇంకో ఇంటికి మోసేటప్పుడు మాత్రం అవసరమైన చోటల్లా కాస్త గుడ్డ కలిపి కుట్టేది.

"బైపాసు అవతల ఆ మేస్త్రి ఇల్లు కట్టుకున్నాడటగా, చూశావా?" అని డాక్టరుగారి భార్య అడిగిన రోజు ఆ గుడ్డ కాస్త ఎక్కువే కలిసింది.

"చూడకేం అమ్మగారూ, కొలతలకి పిలిచారు. ముప్ఫై ఎనిమిది కిటికీలు! గేటు మీద రెండు సింహాలు. ముందు మెలికలు తిరిగిన స్తంభాలు, మేడ మీద రంగుటద్దాలు, హాల్లో గుండ్రటి మెట్లు, పైకప్పు నిండా మబ్బులు. దేనికదే, ఒకదానికొకటి పొత్తు లేదు. మీకు కావలసింది కర్టెన్లు కాదు, ముందు ఒక టికెట్ల కిటికీ పెట్టించుకోండి, సినిమా హాలు తయారైపోతుందని చెబుదామనుకున్నా."

డాక్టరుగారి భార్య కడుపు పట్టుకుని నవ్వింది. "టికెట్టు ఎంతో కనుక్కో," అంది. వారం తిరక్కుండా ఆ మాట లాయరుగారింటికీ, ఇంజనీరుగారింటికీ చేరింది. నెల తిరక్కుండా ఆటోవాళ్ళు "సినిమా హాలు దగ్గర ఆపనా?" అనడం మొదలుపెట్టారు. అంత చక్కగా పాతుకున్న పేరు తనదే అయినందుకు కర్టెన్లక్క లోలోపల కొంచెం పొంగిపోయింది కూడా.

ఊరికి ఆ మేస్త్రి మీద కక్షేమీ లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట తాపీ ఒకటి చేతపట్టుకుని వచ్చాడు. అతను గోడ కడుతుంటే భార్య ఇసుక మోసేది. తర్వాత కాంట్రాక్టులు పట్టాడు, అపార్టుమెంట్లు కట్టాడు, బాగుపడ్డాడు. అంతవరకు అందరూ మెచ్చుకున్నవాళ్ళే. ఇల్లు కట్టుకునేసరికి మాత్రం ఎవరికీ మింగుడుపడలేదు. నిన్నటిదాకా మన గోడకు సిమెంటు పూసినవాడు ఇవాళ మనకంటే ఎత్తు గోడ లేపితే, చూసేవాళ్ళకు అందులో వంకరలే ముందు కనిపిస్తాయి.

మేస్త్రి భార్యను అందరూ మేస్త్రమ్మ అంటారు. కుట్టిన తెరల మొదటి మూట తీసుకుని కర్టెన్లక్క వెళ్ళిన రోజు, పక్క గుమ్మం దగ్గర ఆవిడ ఎదురైంది. కర్టెన్లక్క పక్క గుమ్మానికి వెళ్ళడంలో వింతేం లేదు. పనిమీద వచ్చినవాళ్ళు ఏ ఇంట్లోనైనా పక్కనుంచే వెళ్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, కాళ్ళే అటు తిరుగుతాయి. మేస్త్రమ్మ కూడా అక్కడే చెప్పులు విడిచి, అక్కడి కుళాయి దగ్గరే కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తోంది.

"అదేమిటి, మీరు కూడా ఇటేనా?" అంది కర్టెన్లక్క.

మేస్త్రమ్మ సిగ్గుపడిపోయింది. "ఎవరికీ చెప్పకక్కా. ఇల్లు పూర్తయి గచ్చు మెరుగు పెట్టాక పనివాళ్ళం ముందు గుమ్మం తొక్కేవాళ్ళం కాదు. ముప్ఫై ఏళ్ళు అలాగే తిరిగాం. మా ఆయన గీయించిన ప్లానులో ఈ పక్క గుమ్మం పనివాళ్ళకని ఉంది. నేను దీన్నే వాడుకుంటున్నా. అటు వెళ్దామంటే ఎవరో వెనకనుంచి 'ఏయ్, ఎక్కడికి?' అంటారేమోనని కాళ్ళు ఆగిపోతాయి. నా ఇల్లే, నాకు తెలుసు. కాళ్ళకి తెలియడం లేదు."

కర్టెన్లక్కకు నవ్వొచ్చింది. లాయరుగారి భార్యకు ఈ ముక్క ఎలా చెప్పాలో అప్పుడే మనసులో కత్తిరించుకోవడం కూడా మొదలుపెట్టింది. హాల్లోకి వచ్చి స్టూలెక్కాక కత్తెర ఆగింది.

కింద నిలబడి మేస్త్రమ్మ ఒక్కొక్కటే చూపిస్తోంది. "గేటు మీద సింహాలు డాక్టరుగారింటికి మా ఆయన చేసినవే. అచ్చు దాచుకున్నాడు. మెలికల స్తంభాలు లాయరుగారివి. వాటికి ఇసుక నేనే జల్లించా, అప్పుడు పెద్దవాడు కడుపులో ఉన్నాడు. గుండ్రటి మెట్లు ఇంజనీరుగారింట్లోవి. ఎక్కి చూద్దామనుకునేలోపే వాళ్ళు ఇంట్లో దిగిపోయారు. ఏ ఇంటికి ఆ ఇల్లు పూర్తి చేసి వచ్చేసేవాళ్ళం, మళ్ళీ చూసే భాగ్యం లేదు. ఇప్పుడు మన ఇల్లు కడుతుంటే ఏది వదిలెయ్యమంటావని ఆయన నన్నడిగాడు. నాకు ఏదీ వదలబుద్ధి కాలేదక్కా."

దేనికదే, ఒకదానికొకటి పొత్తు లేదని తనే అంది. ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. కర్టెన్లక్క కడ్డీకి రింగులు ఎక్కిస్తూ ఉండిపోయింది.

"మా ఇంటిని సినిమా హాలు అంటున్నారట కదా? ఆటో అబ్బాయి అన్నాడు," అంది మేస్త్రమ్మ. "బాగుందనేనా అక్కా?"

నోట్లో పిన్నులుండటం ఎంత మేలో కర్టెన్లక్కకు ఆ రోజే అర్థమైంది. "ఊఁ," అంది.

ఆ "ఊఁ" మేస్త్రమ్మకు ధైర్యమిచ్చింది. అసలు సంగతి అప్పుడు బయటపెట్టింది. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ ముగ్గురు అమ్మగార్లనూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళనూ టీకి పిలవాలి. "ఇంకేం వద్దక్కా. ఆ ముందు గుమ్మంలో నిలబడి 'రండి రండి, లోపలికి రండి' అనాలని నా కోరిక. వాళ్ళ ఇళ్ళకు చుట్టాలొచ్చినప్పుడు ఆ మాట వినేదాన్ని, నెత్తిన తట్టతో వెళ్తూ. నన్నెవరూ అనలేదు, సరే, ఎందుకంటారు? నేనైనా ఒకళ్ళని అనాలి కదా. ఈ ఇంట్లో దిగి ఐదు నెలలైంది, ఆ తలుపు తీసి ఒక్కళ్ళనీ పిలవలేదు. నువ్వు వాళ్ళింట్లో పిల్లలాంటిదానివి. నా తరఫున చెప్పవూ?"

చెబుతానంది కర్టెన్లక్క.

మర్నాడే వెళ్ళింది. పిలుపు చెప్పగానే డాక్టరుగారి భార్య ముఖం వెలిగింది. "సినిమా హాలుకా? టికెట్టు ఎంతట?" అంది. లాయరుగారి భార్య "బాల్కనీయా, నేలా?" అంది. ఇంజనీరుగారి భార్య "ఇంటర్వెల్‌లో ఏం పెడతారో కనుక్కుని రా," అంది. తను కుట్టిన మాట ముగ్గురూ మూడు రకాలుగా కట్టుకుని చూపించారు. వస్తామని ఒక్కరూ అనలేదు. "వెళ్తే బాగోదులే, మళ్ళీ అలవాటైపోతుంది," అంది డాక్టరుగారి భార్య, గుమ్మం దాకా కూడా రాకుండా.

బయటికి వస్తూ కర్టెన్లక్క గేటు దగ్గర ఆగింది. ఇన్నేళ్ళుగా చూస్తున్న సింహాలే. నాచు పట్టాయి, ఒకదాని చెవి విరిగింది. అదే జూలు, అవే పళ్ళు, అదే మేస్త్రి చెయ్యి. ఇక్కడ ఉన్నందుకు వీటిని ఎంత హుందాగా ఉన్నాయో అంటారు. బైపాసు దాటితే సర్కసంటారు. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అయినా మేస్త్రమ్మ ఫోను చేసి "ఏమన్నారక్కా?" అని అడిగేసరికి, ఆ గొంతులో ఆత్రం విని, "వస్తామన్నారు," అనేసింది.

"నీది నోరా, చినిగిన జేబా?" అని పక్క మంచం మీదనుంచి అత్తగారు తిట్టింది. ఆవిడకు చెవుడు గానీ, వినకూడనివి మాత్రం శుభ్రంగా వినిపిస్తాయి. "ఉన్నదీ నిలవదు, లేనిదీ రాలుతుంది. రేపే వెళ్ళి నిజం చెప్పెయ్యి."

"చెబుతాను అత్తయ్యా."

రేపు చెబుదామనుకుంది, ఎల్లుండి చెబుదామనుకుంది. శనివారం ఫోను చేస్తే మేస్త్రమ్మ కప్పులు కొన్నదట. నీలం అంచువి మంచివా, తెల్లవి మంచివా అని పావుగంట మాట్లాడింది. తెల్లవే మంచివి అని చెప్పి కర్టెన్లక్క ఫోను పెట్టేసింది.

ఆదివారం మూడింటికే హాలు తెరల మూట పట్టుకుని వెళ్ళింది. చెప్పేయాలనే వెళ్ళింది. హాలు నిండా కుర్చీలు గోడవారగా వేసి ఉన్నాయి. తెల్ల కప్పులు బోర్లించి ఉన్నాయి. మేస్త్రి కొత్త చొక్కా వేసుకున్నాడు. కాలరు కింద అట్టముక్క తీయడం మరిచిపోయాడేమో, మెడ తిప్పలేక మనిషంతా తిరుగుతున్నాడు. కర్టెన్లక్కను చూసి నమస్కారం పెట్టి, కార్లు రావడం చూస్తానని మేడ మీది వరండాలోకి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి ముఖాలూ చూశాక కర్టెన్లక్క స్టూలెక్కి తెరలు తగిలించడం మొదలుపెట్టింది. పని చేస్తున్నంతసేపు మాట్లాడక్కర్లేదు కదా.

నాలుగైంది. నాలుగున్నర అయింది. రోడ్డు మీద కారు చప్పుడైనప్పుడల్లా మేస్త్రమ్మ ముందు తలుపు దాకా వెళ్ళి, జుట్టు సవరించుకుని, గడియ మీద చెయ్యి వేసి నిలబడేది. చప్పుడు దాటిపోయేది. ఐదున్నరకు టీ మూడోసారి వేడి చేసింది.

"వచ్చారా?" అని మేడ మీదనుంచి మేస్త్రి కేక వేశాడు.

"దారిలో ఉండుంటారు," అని కేక వేసి, మేస్త్రమ్మ కర్టెన్లక్క వైపు తిరిగింది. "దారి తప్పారంటావా అక్కా? ఎవర్నడిగినా సినిమా హాలని చెబుతారు కదా?"

ఇక ఓర్చుకోవడం కర్టెన్లక్క వల్ల కాలేదు. స్టూలు దిగింది. పిన్నులు తీసి డబ్బాలో వేసింది. "వాళ్ళు రారు," అంది. "రామని ఆ రోజే చెప్పారు. నేనే అబద్ధం చెప్పా. ఆ పేరు కూడా బాగుండి పెట్టింది కాదు. వెక్కిరింపుకి పెట్టింది. పెట్టింది నేనే."

మేస్త్రమ్మ గోడవార కుర్చీలన్నీ ఒకసారి చూసింది. తర్వాత ఒకే ఒక్క మాట అడిగింది. "నీకు నేనేం చేశానక్కా?"

ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఆ ఇళ్ళలో తను స్టూలు మీదే ఉంది, ఎవరూ కూర్చోమనలేదు. నవ్విస్తే మాత్రం ఇంకాసేపు ఉండమనేవాళ్ళు. ఆ ఇంకాసేపు కోసం తనలాంటిదాన్నే పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పడేసింది. ఇదంతా చెబుదామనుకుంది గానీ, "తప్పయిపోయింది," అని మాత్రం అనగలిగింది.

మేస్త్రమ్మ కళ్ళు తుడుచుకుంది. "బయటికి వెళ్ళక్కా," అంది.

కోపం రాదూ మరి. కర్టెన్లక్క టేపూ కత్తెరా సంచీలో వేసుకుని, పక్క గుమ్మంలోంచి బయటపడి, చెప్పులు తొడుక్కుని, గోడ వెంట తలవంచుకుని నడిచింది. ఈ ఇంటి గడప మళ్ళీ తొక్కే ముఖం తనకు లేదనుకుంది. గేటు దాకా వచ్చేసరికి వెనకాల పెద్ద గడియ తీసిన చప్పుడైంది.

ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి. గుమ్మంలో మేస్త్రమ్మ నిలబడి ఉంది. ముఖంలో కోపం ఇంకా పోలేదు. చేతులు మాత్రం జోడించి ఉన్నాయి.

"రండి," అంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్ళీ అంది. "రండి రండి, లోపలికి రండి."

కర్టెన్లక్క గబుక్కున వెనక్కి తిరిగి చూసింది, ఎవరొచ్చారా అని. గేటు బయట ఎవరూ లేరు. రోడ్డు ఖాళీగా ఉంది.

ఆవిడ మెట్ల దాకా నడిచింది. మొదటి మెట్టు మీద కాళ్ళు ఆగిపోయాయి. చెప్పులు ఎక్కడ విడవాలో తోచలేదు, చేతిలో పని సంచీ ఎక్కడ దాచుకోవాలో తోచలేదు. కళ్ళ నిండా నీళ్ళొచ్చి మెలికల స్తంభాలు మరింత మెలికలు తిరిగిపోయాయి. మేస్త్రమ్మ రెండు మెట్లు దిగి వచ్చి సంచీ అందుకుంది, చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ముందు గుమ్మం దాటారు.

కర్టెన్లక్కను తీసుకెళ్ళి హాలు మధ్య సోఫాలో కూర్చోబెట్టి, మేస్త్రమ్మ గుండ్రటి మెట్ల దగ్గరకు పరుగున వెళ్ళి, మేడ మీదికి ఇల్లంతా వినబడేలా పిలిచింది:

"ఏమండీ, కిందికి రండి! మనింటికి చుట్టాలొచ్చారు!"