తెర మీద రెండు ఫైళ్లు

కంప్యూటర్ తెరని నిలువునా రెండు చేసి, ఎడమ పక్క ఒక ఫైలు, కుడి పక్క ఇంకోటి పెట్టుకోవడం అక్కకి నేర్పింది చెల్లెలే. ఏ మీట ఎందుకో గుర్తుండక అక్క విసుక్కుంటుంటే, వారం రోజులు పక్కనే కూర్చుని మరీ నేర్పింది.

ఇవాళ కరెంటు బిల్లు ప్రింటు తీసుకుందామని చెల్లెలు అక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. అలవాటు కొద్దీ, ఇంతకుముందు చూసిన ఫైలుకి వెళ్లే మీట నొక్కింది. తెర రెండుగా విడిపోయింది.

ఎడమ పక్కన తన నవల. ఒకసారి చదివిపెట్టమని తనే అక్కకిచ్చింది. కుడి పక్కనా అదే నవల, పైన అక్క పేరు. కథలో మనుషుల పేర్లు తప్ప ఒక్క వాక్యం మారలేదు. ఒకటి కిందికి జరిపితే రెండోదీ బుద్ధిగా వెంట జరిగింది. అదీ తను నేర్పిందే.

మూడో అధ్యాయంలో తన కోసం రాసుకున్న ముక్క కనిపించింది: "ఇక్కడ తల్లి క్షమించాలా, వద్దా? అక్కని అడగాలి." అది రెండు పక్కలా ఉంది.

అక్క టీ కప్పులతో వచ్చింది. "ఏంటే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావ్?"

"నిన్నొకటి అడగాలని రాసుకున్నానక్కా," అంది చెల్లెలు. "నువ్వూ నిన్నే అడగాలని రాసుకున్నావు."