మధ్యాహ్నం హాజరు

చేపముక్కల ట్రేలు ఖాళీ అయ్యేసరికి భోజనాల హాల్లో గోల పైకప్పుని అంటింది. భోజనాల వేళ పిల్లల్ని కనిపెట్టుకునే గ్లెనిస్ ఒక చేత్తో ఒలికిన కస్టర్డ్ తుడుస్తూ, రెండో చేత్తో కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లల్ని విడదీస్తూ ఉండగా నాలుగో తరగతి బల్ల దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది.

"మిస్, ఎఫీ ఏం తినట్లేదు మిస్. కోటు కూడా విప్పట్లేదు."

రోజూ తన చిప్స్ అయిపోయాక పక్కవాళ్ళ పళ్ళేల్లోకి తొంగిచూసే ఎనిమిదేళ్ళ పిల్ల ఎఫీ. ఇవాళ తన పళ్ళెమే పక్కకి నెట్టేసి, బల్ల మీద తల వాల్చి, మోచేత్తో కళ్ళు కప్పుకుంది.

"ఏమ్మా బంగారం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది మిస్. ఆ లైట్లు ఆపెయ్యరా?"

గ్లెనిస్ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, ఉలిక్కిపడి తీసేసింది.

"ఇంటికి పంపకండి మిస్!" ఎదురుగా కూర్చున్న మార్నీ చెంచా పైకెత్తింది. "ఇవాళ శుక్రవారం. ఎలుగు మాది!"

వారమంతా ఒక్కరూ నాగా పెట్టని క్లాసుకి శుక్రవారం సాయంత్రం ఒక బొమ్మ ఎలుగుబంటిని ఇవ్వడం స్వాలోబీక్ జూనియర్ స్కూలు ఆచారం. దానికి టై ఉంది, స్వెట్టరు ఉంది. దాని హాజరు ఎవరూ అడగరు. అది కూర్చున్న క్లాసుకి అదనంగా ఓ ఆటల పీరియడు.

"పోయిన్నెల ఆలివర్ పన్ను పీకించుకోడానికెళ్ళాడు మిస్. ఎలుగు ఐదో క్లాసుకి పోయింది. వాడితో ఇప్పటికీ ఎవ్వరం మాట్లాడట్లేదు," అంది మార్నీ.

బల్ల చివర ఒంటరిగా కూర్చున్న ఆలివర్ బఠాణీలని శ్రద్ధగా వరసలో పేర్చుకుంటున్నాడు.

"అమ్మ కూడా నన్ను స్కూలుకి వెళ్ళి తీరాలంది," ఎఫీ గొణిగింది. "నేను ఇంకోసారి నాగా పెడితే అమ్మకి జరిమానా వేస్తారంట."

హాలు గోడ మీద స్కూలు ఆశయాలు రంగురంగుల అక్షరాల్లో ఉన్నాయి: దయ, క్రమశిక్షణ, క్షేమం. 'దయ' మీద ఎప్పటిదో కస్టర్డ్ మరక ఉంది. తుడవాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన ఎక్కాలంటే అందుకు శిక్షణ పొందినవాళ్ళు కావాలి. కనుక మరక అలాగే ఉంది. గ్లెనిస్ ఆ మరక కిందుగా పిల్లని నడిపించుకుని ఆఫీసుకి తీసుకెళ్ళింది. ఎఫీ గోడ పట్టుకుని, మెడ కర్రలా బిగబట్టి నడిచింది.

ఆఫీసులో గుమాస్తా పామ్ అప్పటికప్పుడు ఎఫీ తల్లికి ఫోన్ చేసింది. "ఎత్తట్లేదే! పార్సిల్ గోడౌన్లో షిఫ్టు కదా, లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు."

ఆ మాటలకి హెడ్మిస్ట్రెస్ మిసెస్ థ్రెల్‌ఫాల్ తన గదిలోంచి వచ్చింది. చెడ్డ మనిషేం కాదు. చలికోట్లు లేని పిల్లలకి తన డబ్బుతో కొనిపెట్టిన రోజులున్నాయి. కానీ సోమవారం స్కూలు తనిఖీకి ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారు. వాళ్ళు మొట్టమొదట అడిగేది హాజరు శాతం.

"జ్వరమేగా గ్లెనిస్. కాసిని నీళ్ళు పట్టించు. మధ్యాహ్నం హాజరు వేసేస్తే ఈ పూట వచ్చినట్టే లెక్క. పేరు పడ్డాక నిక్షేపంగా ఇంటికి పంపుదాం."

"బల్ల మీద తల వాల్చేసింది మేడమ్. మెడ వంచలేకపోతోంది."

"బల్ల మీద పడుకుంటే ఎవరికైనా పట్టేస్తుంది. క్లాసుకి తీసుకెళ్ళమ్మా."

"అలాగే మేడమ్," అంది గ్లెనిస్. ఆ మాట ఆమె నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. భోజనాల వేళకి మాత్రమే ఇచ్చే ఆ ఉద్యోగం ఏటా జూలైలో ముగుస్తుంది. సెప్టెంబర్లో మళ్ళీ పిలవాలో వద్దో మిసెస్ థ్రెల్‌ఫాల్ ఇష్టం.

నాలుగో తరగతి తలుపు ముందుకొచ్చారు. లోపల పిల్లలు సర్దుకుని కూర్చుంటున్నారు. ఎఫీ ఆగి, గ్లెనిస్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మిస్, మా క్లాసెటు?"

గ్లెనిస్ తలుపు వంక చూసింది, పిల్ల వంక చూసింది. ఇంకో మాట లేకుండా ఎఫీని ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

వసారాలో మిసెస్ థ్రెల్‌ఫాల్ ఎదురైంది. "ఇటెక్కడికి? క్లాసు అటు."

"తెలుసు మేడమ్. లోపలికి తీసుకెళ్ళను. అంబులెన్సు పిలవండి."

"నువ్వు నర్సువి కాదు గ్లెనిస్."

"కాదు. అందుకే పిలవమంటున్నా."

"ఒక్క రెండు నిమిషాలాగు. పేరు పడనీ. తర్వాత నేనే పిలుస్తాను."

గ్లెనిస్ ఆగలేదు. స్కూలు నిబంధన ప్రకారం ఆమె సెల్‌ఫోను స్టాఫ్ రూమ్ బీరువాలో ఉంది. రోడ్డు దాటితే డాక్టర్ క్లినిక్కు. ఆమె తిన్నగా వీధి తలుపు దగ్గరికి నడిచింది. భుజంతో తోసింది. తలుపు కదల్లేదు. దాన్ని తెరిచే మీట పక్కనే ఆఫీసు కిటికీ వెనక పామ్ బల్ల కింద ఉంది.

"సెప్టెంబర్ గురించి మనం మాట్లాడుకోవాలి," వెనకనుంచి మెల్లిగా వినిపించింది.

"మాట్లాడుకుందాం మేడమ్. పామ్, తలుపు తియ్యి."

పామ్ చెయ్యి బల్ల కిందికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆమె చూపు గ్లెనిస్ భుజం మీదుగా మిసెస్ థ్రెల్‌ఫాల్ మొహం మీదే నిలిచింది.

"పామ్!" గ్లెనిస్ అరిచింది.

గ్లెనిస్ మెడ చుట్టూ బిగిసి ఉన్న చిన్న చేతులు మెల్లిగా సడలి, కిందికి వేలాడాయి.