కొసరు గీత

ఆ పొద్దున లెక్క చూసుకుంటే అతని చేతిలో ఉన్నవి ఇవి: పెళ్ళికి ముందు కొన్న పడవ, పడవకంటే పాతదైన పెట్రోలు ఇంజను, పడవ నిండా అమ్ముడుపోని బకెట్లు, తాళ్ళు, సూదిదారాలు. లేనిది ఒక్కటే, చుక్కాని దగ్గర కూర్చునే భార్య. ఆమె పడవ దిగిపోయాక మిగతావన్నీ నష్టం కిందే రాసుకోవలసి వచ్చింది.

ఒడ్డు వెంట ఉన్న ఇళ్ళకు సామాను అమ్మడం వాళ్ళ వ్యాపారం. పడవ నడిపేది ఆమే, బేరం నడిపేదీ ఆమే. అతను సామాను అందించి, చివర్లో కొసరు వేసేవాడు. బారెడు తాడు కొంటే జానెడు ఎక్కువ, దారపు ఉండ కొంటే పైన ఒక సూది. కొసరు వేసిన చెయ్యి చెడిపోదని అతని నమ్మకం.

కొన్నాళ్ళుగా ఇంజను మొండికేసింది. వేగంగా పోతే పులి. రేవు దగ్గర నెమ్మదించామా, దగ్గి, ఎగిరెగిరిపడి, ఆగిపోయేది. ఒకసారి అలా ఆగి, పడవ రేవు స్తంభాన్ని గుద్దుకుని, ఆమె నీళ్ళలో పడింది. తడిసిన చీరతో గట్టెక్కి ఆమె ఒకే మాట చెప్పింది. ఇంజను నడుస్తుండగా దాని మూత మీద నిండు గ్లాసు పెడితే చుక్క ఒలకకూడదు, అప్పటిదాకా తను పడవ ఎక్కదు. ఆమె అన్నదంటే రాతి మీద చెక్కినట్టే.

అప్పట్నుంచీ అతను ఒంటరిగా తిరుగుతున్నాడు. జనం "ఆవిడ రాలేదా?" అని అడిగి, రేపు కొంటామని వెళ్ళిపోయేవారు. అదీ ఓర్చుకునేవాడే. అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా టీ ఫ్లాస్కులో పోసుకుని, చల్లారిన సగం ఇంటికి మోసుకురావడమే మింగుడుపడలేదు.

చివరికి మెకానిక్కైన బావమరిదిని పిలిపించాడు. ఇంజనుకు ఈమధ్య రవ్వ పుట్టించే పాయింట్లు కొత్తవి వేసిందీ, ఆ రవ్వ పుట్టే వేళ, అంటే టైమింగు, సరిచేసిందీ అతనే. రోగం ఆ తర్వాతే మొదలైంది కాబట్టి పాపం అతనికీ నామోషీగానే ఉంది. ప్లగ్గు విప్పి తుడిచాడు. కార్బ్యురేటరు కడిగాడు. పాయింట్ల మధ్య సందు కొలిచాడు. ఎక్కడా వంక లేదు. అప్పుడు పాయింట్లకు చిన్న బల్బు తగిలించి, ఇంజను పక్కనున్న బరువు చక్రాన్ని చేత్తో తిప్పాడు. చక్రం మీది గీత, పక్కనున్న ముల్లుకు ఎదురుగా రాగానే బల్బు ఆరాలి. నిప్పురవ్వ పుట్టవలసిన క్షణం అదే. బల్బు సరిగ్గా అక్కడే ఆరింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. తీరా ఇంజను మొదలుపెట్టే తాడు లాగితే, ఇంజను ఆ తాడును వెనక్కి గుంజి అతని చేతిని విదిలించి, నాలుగు దగ్గులు దగ్గి చల్లబడింది.

"గీత ప్రకారం అంతా సరిగ్గానే ఉంది బావా. నాకే పని మరుపొచ్చిందేమో," అన్నాడు బావమరిది మణికట్టు రుద్దుకుంటూ.

బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ గీత గుట్టు తెలిసింది అతనొక్కడికే. కిందటి వేసవిలో భార్య, ఇంజను మసిబట్టిన మూకుడులా ఉందని నవ్వింది. ఆమె ఇంట్లో లేనప్పుడు, వచ్చి చూసి మురిసిపోతుందని, దానికి ఆకుపచ్చ రంగు వేశాడు. ఆ ఊపులో చక్రానికీ పూశాడు. ఆరాక చూస్తే అసలు గీత రంగులో మునిగిపోయింది. గుర్తున్నంతలో కొత్తది గీశాడు. గీసేటప్పుడు కూడా చెయ్యి తన కొసరు బుద్ధి మానలేదు. రవ్వ కాస్త ముందే పుడితే బలం ఎక్కువ కదా అని, బొటనవేలి వెడల్పంత ముందుకు జరిపాడు.

ఇప్పుడు చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే పెళ్ళాం రాదు. ఏది ఎక్కువ నష్టమో తేల్చుకుని అతను నోరు తెరిచేసరికి, టీ పట్టుకుని ఆమే రేవులోకి దిగింది. పడవ ఎక్కలేదు, రేవు చెక్క మీద నిలబడే లోపలికి తొంగి చూసింది.

"ఒరేయ్, ఆ గులాబీ గీత ఏమిట్రా?"

"కంపెనీ వాళ్ళ గుర్తక్కా. ఎరుపు వెలిసిపోయినట్టుంది."

"వెలిసిపోవడమేమిటి? అది నా గోళ్ళరంగు. ఆ సీసా కనబడకపోతే నీ పెళ్ళాన్ని అనుమానించి ఎన్ని మాటలన్నాను."

బావమరిది బావ వైపు చూశాడు. బావ నీళ్ళ వైపు చూశాడు.

"ఎంత ముందుకు గీశావు బావా?"

"కొసరంత."

బావమరిది నవ్వు ఆపుకోలేక పడవ అంచు పట్టుకున్నాడు. "మనుషులకు వెయ్యి కొసరు. ఇంజనుకు వేస్తే తిరిగి తంతుంది. రవ్వ ముందే పుట్టి, పైకొచ్చే పిస్టన్ని ఎదురు తోస్తోంది. జోరులో ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, నెమ్మదిస్తే చస్తుంది. పోనీలే, నా చెయ్యి మంచిదే."

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు మీరు," అంది ఆమె భర్తతో. గొంతులో కోపం లేదని అతను లోలోపలే జమ వేసుకున్నాడు.

పెచ్చులు పెచ్చులుగా రంగు గీకితే అడుగున అసలు గీత బయటపడింది. బావమరిది దాన్నిబట్టి టైమింగు మళ్ళీ సరిచేసి తాడు లాగాడు. ఈసారి గుంజలేదు. నెమ్మదించినా ఇంజను కడుపు నిండిన పిల్లిలా గురగురమంటూనే ఉంది. ఆమె చెయ్యి చాచి నిండు నీళ్ళ గ్లాసు అందించి, మూత మీద పెట్టించింది. గ్లాసులో నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచాయి. చుక్క ఒలకలేదు.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పడవలోకి దిగింది. చుక్కాని దగ్గర తన పీట తుడుచుకుని, ఇంజనును ఎగాదిగా చూసి, "రంగు బాగుంది," అంది. వేసవి నుంచి ఆ మాట కోసమే కాచుకున్నాడతను.

ఇద్దరూ బేరానికి వెళ్ళొచ్చాక, సాయంత్రం కూర్చుని లెక్క తేల్చాడు. పోయినవి: సగం సీసా గోళ్ళరంగు, బావమరిది ముందు పరువు. బాకీ: బావమరిది భార్యకు ఒక క్షమాపణ. అది భార్య ఖాతాలోది, రేపు తనే వెళ్ళి తీరుస్తానంది. అతను తీసిచ్చిన మిగతా సగం సీసాతో అసలు గీతను ఆమె తన చేత్తోనే దిద్దింది.

వచ్చినది: ఖాళీ అయి ఇల్లు చేరిన ఫ్లాస్కు.